మూడో ప్రకటనలోగా విడుదల కావలసిన డ్రోను

నాంపల్లి,
శుక్రవారం, భోజన విరామం.

గౌరవనీయులైన భవన సంరక్షణాధికారి గారికి,
పాత దస్తావేజుల భవనం, నాంపల్లి, హైదరాబాదు.

అర్జీదారు: కె. జయపాల్, విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, ప్రస్తుతం డ్రోను చోదకుడు, ఆబిడ్స్ పోస్టాఫీసు వెనక సందు.

అయ్యా,

విషయం: తమ కార్యాలయపు డాబా మీద నిమ్మకాయ, పచ్చిమిరపకాయల సమేతంగా దిగి, ప్రస్తుతం తమ బీరువాలో నిర్బంధంలో ఉన్న నా డ్రోనును, అది కుదరనిచో అందులోని వేలిగోరంత కార్డును, ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోగా విడుదల చేయుట, తద్వారా ఒక పెళ్ళి నిలబెట్టుట గురించి.

సవినయంగా మనవి చేసుకునేది:

1. నేను సర్వీసులో చేరిన నాటి నుంచి విరమణ దాకా అర్జీలు చదివినవాడినే గాని రాసినవాడిని కాను. చదివి చదివి, అర్జీ ఎలా ఉండకూడదో నాకు కంఠతా వచ్చు. ఇది అచ్చం అలాగే ఉండబోతోందని ముందుగానే మనవి.

2. విరమణ తర్వాత ఊరికే కూర్చోలేక డ్రోను నడపడం నేర్చుకున్నాను. కడుతున్న భవనాలను పైనుంచి చిత్రీకరించి, వాటాలు కొన్నవారికి గోడలు ఎందాకా లేచాయో చూపించడం నా వృత్తి. చలికాలంలో సముద్రతీరపు ఊళ్ళకు వెళ్ళి పడవలు తీస్తాను. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ కిటికీ లేని గదిలో పనిచేసినవాడిని కనుక, పైనుంచి ఏది చూసినా నాకు పండగే.

3. గత చలికాలంలో ఒక పర్యాటక సంస్థ పని మీద భీమిలి వెళ్ళాను. తెల్లవారుతుండగా వేట పడవలు ఒకదాని వెనక ఒకటి కెరటం దాటి పోతుంటే పైనుంచి చూడడం ఉంది చూశారూ, తమరు ఎప్పుడైనా చూశారా? చూడకపోతే సెలవు పెట్టి వెళ్ళి చూడండి. ఇది అర్జీలో రాయవలసిన సంగతి కాదు, అయినా రాస్తున్నాను.

పడవల వెంట తిరిగి తిరిగి వెనక్కి వస్తూ నా డ్రోను ఒక డాబా మీదికి బాగా కిందికి దిగింది. అక్కడ చాప మీద నెత్తళ్ళు ఎండబెట్టి ఉన్నాయి. రెక్కల గాలికి ఆ చేపలన్నీ లేచి నాలుగిళ్ళ అవతల పడ్డాయి. కాకులకు విందైంది. కంగారులో నేను డ్రోనును అక్కడే దించేశాను. నా చేతిలోని తెర మీద మొదట ఒక చీర కుచ్చిళ్ళు కనబడ్డాయి, తర్వాత ఒక వెదురు గంప కనబడింది, ఆ తర్వాత అంతా చీకటి. కోడిపెట్టను మూసినట్టు మూసేశారు.

మూసినవారి పేరు శ్రీమతి యూనీస్. అక్కడి మిషన్ బడిలో ప్రధానోపాధ్యాయురాలిగా చేసి విరమించారు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. నేను వగర్చుకుంటూ డాబా ఎక్కేసరికి ఆమె గంప పక్కన పీట వేసుకుని ఫిర్యాదు రాస్తున్నారు. రాయడం పూర్తయ్యేదాకా తలెత్తలేదు. పూర్తయ్యాక కాగితం నా చేతికిచ్చి, దీనికి రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చి వస్తువు పట్టుకెళ్ళమన్నారు.

ఆ ఫిర్యాదు చదివాను. మళ్ళీ చదివాను. నా సర్వీసు మొత్తంలో అంత చక్కని ఫిర్యాదు చూడలేదు. నష్టం మొదట, కారణం తర్వాత, కోరిక చివర. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. కింద సంతకం, తేదీ, స్థలం. వయసులో ఉన్నప్పుడు వచ్చిన సంబంధాలన్నీ ఫోటో చూసి తిరగ్గొట్టి, ఒంటరిగా ఉండిపోయినవాడిని. ఒక్క ఫిర్యాదుకు పడిపోయాను.

నేనిచ్చిన సంజాయిషీని ఆమె ఎర్ర సిరాతో దిద్ది, పదికి ఆరు మార్కులు వేసి తిరిగిచ్చారు. దిద్దినదాన్ని సాఫు చేసి హైదరాబాదు నుంచి పంపాను. దానికి జవాబు వచ్చింది. ఉత్తర ప్రత్యుత్తరాలు అలా సాగి, పండగలు దాటి, వేసవి దాటి, మార్కులు ఏడున్నరకు చేరిన తరుణంలో పెళ్ళి ప్రస్తావన చేశాను. ఆమె అంగీకరించారు. ఆ ఉత్తరానికి మార్కులు వేయలేదు.

4. మా క్రైస్తవుల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. ఫలానా వారికీ ఫలానా వారికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయగలరు అని. చదివాక పాస్టరు గారు కాసేపు ఆగుతారు. ఆ కాసేపట్లో వెనక బెంచీలో ఎవరు దగ్గినా పెళ్ళికొడుకు ప్రాణం గుటుక్కుమంటుంది. మా గుడిలోనూ, వారి గుడిలోనూ రెండు ప్రకటనలు నిరాటంకంగా అయ్యాయి. మూడోది ఎల్లుండి.

రెండో ప్రకటన అయిన రాత్రి యూనీస్ గారు ఫోన్ చేశారు. పెళ్ళయ్యాక హైదరాబాదులో ఉండడమన్న మాట దగ్గర మేం చిక్కుకున్నాం. ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"మా ఊరిని, మా పడవల్ని, మా డాబాని, ఆఖరికి నా నెత్తళ్ళని కూడా నన్నడక్కుండా పైనుంచి చూసేశారు మీరు. మీ ఊరు మాత్రం నాకు చూపించలేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ సముద్రం పక్కనున్నదాన్ని, ఊరికే రమ్మంటే ఎలా వస్తానండీ? నేనుండబోయే ఇల్లేదో, దాని చుట్టూ ఏముందో చూపించండి. శనివారం రాత్రికి చూడకపోతే మూడో ప్రకటనకి నేనే లేచి నిలబడతాను" అన్నారు.

పెళ్ళికూతురే లేచి అభ్యంతరం చెప్పిన సందర్భం సంఘ చరిత్రలో లేదని మా పాస్టరు గారు నాకు ధైర్యం చెప్పారు. పాపం ఆయనకు యూనీస్ గారి సంగతి తెలియదు.

5. మేముండబోయే వాటా తమ కార్యాలయానికి కూతవేటు దూరంలో, కడుతున్న ఒక భవనంలో ఉంది. మూడో అంతస్తుకు నేల పడింది గాని అప్పటికింకా గోడలు లేవలేదు. నా వృత్తి పని మీద ఆ భవనానికి పోలీసువారి అనుమతి ముందే తీసుకుని ఉన్నాను కనుక, మర్నాడే, సోమవారం ఉదయం చిత్రీకరణ పెట్టుకున్నాను. ముందుగా ఆ నేల మీద, వంటగది వచ్చే చోట, మేస్త్రీనడిగి తెచ్చుకున్న సున్నంతో బారెడేసి అక్షరాలు రాశాను. "యూనీస్ గారూ, వంటగది ఇక్కడ" అని. పక్కన బాణం గుర్తు వేశాను. బాణం వంకరపోయింది. అరవై దాటినవాడు మోకాళ్ళ మీద పాకుతూ సున్నంతో బాణాలు వేయడం చూసి కూలివాళ్ళు పని ఆపి నిలబడ్డారు. నాకు సిగ్గేయలేదు.

డ్రోను నిటారుగా పైకి లేచి, ఉన్న చోటనే నాలుగు వైపులా తిరిగి చూడాలి, చివర కిందికి దిగి ఆ అక్షరాలు చదవాలి. అదీ పథకం. మొదటి భాగం దివ్యంగా జరిగింది. మొజంజాహీ మార్కెట్ రాతి గోడలు, గడియారం, దాని నీడలో అప్పుడే బండ్లు దింపుతున్న పండ్లవాళ్ళు కనబడ్డారు. దూరంగా సుల్తాన్ బజార్‌లో దుకాణాల ముందు వేలాడదీసిన చీరలు కనబడ్డాయి. గౌలిగూడ వైపు బస్సుల బారు కనబడింది. పుట్టిన దగ్గర్నుంచి నడిచి తిరిగిన వీధులే. ఆమె చూస్తారని అనుకుని చూస్తే ఒక్కొక్కటీ కొత్తగా ఉంది. అక్షరాలు కూడా స్పష్టంగా పడ్డాయి. ఆ తర్వాతే అనర్థం జరిగింది.

6. అనర్థానికి మూలం ఈ విధంగా ఉన్నది. ప్రయాణానికి ముందు ప్రార్థన చేయడం మా ఇంటి అలవాటు. సైకిలెక్కినా, రైలెక్కినా, డ్రోనును గాల్లోకి ఎక్కించినా ప్రార్థన ఉంటుంది. సోమవారం నాటి ప్రార్థన కొంత ఎక్కువసేపు సాగినది. కళ్ళు మూసుకుని, డ్రోనుతో మొదలుపెట్టి, గాలిని, బ్యాటరీని, యూనీస్ గారి మనసును, ఆమె మోకాళ్ళను, కట్టే మేస్త్రీలను, ప్రభుత్వాధికారులందరినీ (తమరు కూడా అందులో వస్తారు) ప్రభువు చేతుల్లో పెట్టి ఆమెన్ అన్నాను.

ఆ వ్యవధిలో అక్కడి వాచ్‌మన్ మొగులయ్య, భవనానికి వేలాడదీసిన దిష్టి బొమ్మ దగ్గరున్న సరంజామాలోంచి ఒక నిమ్మకాయ, కొన్ని పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి నా డ్రోను పొట్ట కింద కట్టేశాడు. నేను కళ్ళు తెరిచి నేరుగా తెర వైపే చూశాను గాని, కిందికి వంగి చూడలేదు. ఎందుకిలా చేశావయ్యా అని తర్వాత అడిగితే అతను చెప్పిన సమాధానం యథాతథంగా:

"గట్ల పైకెల్లి కన్నార్పకుండ చూస్తే బిల్డింగ్‌కు దిష్టి తగలదా సార్? కొత్త ఇల్లు, కొత్త పెండ్లి. మీరు కండ్లు మూసుకొని దేవునితోటి మాట్లాడుతున్నరు, నడిమిట్ల అడుగుడు ఎందుకని అడగలే."

అతన్ని నేనేమీ అనలేదు. నా మేలు కోరి కట్టాడు. నేను అతని మేలు కూడా ప్రార్థనలో కలిపాను. ఇద్దరి మేలు కోరికలూ కలిసి డ్రోనుకు బరువయ్యాయి.

7. డ్రోను పొట్ట కింద ఒక చిన్న కన్ను ఉంటుంది. నేల ఎంత దూరంలో ఉన్నదీ దానికి అదే చెబుతుంది. మొదట్లో పక్కకు వేలాడిన నిమ్మకాయ, గాలి తిరగడంతో సరిగ్గా ఆ కన్నుకు అడ్డం వచ్చింది. డ్రోను దారి తప్పి తమ కార్యాలయం మీదికి కొట్టుకొచ్చి, నిమ్మకాయనే నేల అనుకుని, అక్కడికక్కడే దిగిపోయింది. దుర్బుద్ధితో దిగలేదని, గూఢచర్యం చేయలేదని, తమ డాబా మీద ఆరేసిన తుండుగుడ్డ ఎవరిదో కూడా దానికి తెలియదని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను.

తమ సూపరింటెండెంట్ శ్రీమతి సౌభాగ్య గారు నన్ను కూర్చోబెట్టి చల్లటి మంచినీళ్ళు ఇప్పించారు. ఆమె మర్యాదలో ఏ లోపమూ లేదు. లోపమల్లా పద్ధతిలో ఉంది. "గేటుకెల్లి వచ్చినదానికి పద్ధతి ఉంది సార్. పైకెల్లి దిగినదానికి ఏం పద్ధతి ఉన్నది, మీరే చెప్పున్రి" అని అడిగారు. నేనూ ఆఫీసులో పనిచేసినవాడినే కనుక ఆ ప్రశ్న నాకు సబబుగానే తోచింది. అదే నా ఖర్మ.

వెతగ్గా వెతగ్గా లోగడ జరిగినది ఒక్కటి దొరికింది. ఎవరిదో పెంపుడు పావురం డాబా మీద వాలితే పట్టి ఉంచారట. యజమాని వచ్చి పిలవగా అది ఎగిరి భుజం మీద వాలిందట. కనుక విడుదల చేశారట. నన్నూ పిలవమన్నారు. నా రిమోట్‌లో, తప్పిపోయిన డ్రోను ఎక్కడుందో అరిచి చెప్పే మీట ఒకటి ఉంది. సంతోషం పట్టలేక దాన్ని నొక్కాను. బీరువా లోపలి నుంచి కుయ్యి కుయ్యిమని అరుపు మొదలైంది. అటెండరు రాంచందర్ చేతిలోని టీ కప్పులు జారాయి. పక్క సెక్షన్ మొత్తం వరండాలోకి పరుగెత్తింది. యాజమాన్యం రుజువైందని నేను నవ్వుతూ నిలబడ్డాను. కాని ఆ అరుపు ఆపడం నాకు చేతకాలేదు. బ్యాటరీ అయిపోయేదాకా అరిచింది. తత్ఫలితంగా బీరువాకు రెండో తాళం పడింది, క్యాంపులో ఉన్న తమరు తిరిగి వచ్చి సంతకం చేసేదాకా తెరవకూడదని తీర్మానమైంది. అర్జీ రాసిస్తే, తమ సంతకం పడిన మరుక్షణం తాళం తానే తీస్తానని సౌభాగ్య గారు మాటిచ్చారు. తమరు ఈ ఉదయమే వచ్చారు. తమ కారు చూసి నేను వీధిలోనే దండం పెట్టాను, తమరు గమనించి ఉండరు.

8. మళ్ళీ తీయవచ్చు కదా అని తమరు అడగవచ్చును. అడగండి. బుధవారం నాడు ఆ అక్షరాల మీద గోడలు లేపేశారు. తీసినదంతా డ్రోనులోని కార్డులోనే ఉంది, నా ఫోన్‌లోకి రాలేదు. రేపు రెండో శనివారం, తమ ఆఫీసు తెరవరు. ఎల్లుండి ఆదివారం, గుడి తెరుస్తారు.

9. ఆమె లేచి నిలబడతారు. అన్నమాట తప్పే మనిషి కాదు.

10. నిరభ్యంతర పత్రాలు కావాలన్నారు. భవన యజమానిది, పోలీసువారి అనుమతి నకలు జతపరిచాను. మొగులయ్య కూడా ఎవరూ అడగకుండానే ఒకటి రాయించి సంతకం పెట్టాడు. నిమ్మకాయ వాపసు అక్కరలేదని అందులో ఉంది. దాన్నీ జతపరిచాను.

11. కావున తమరు దయతో డ్రోనును ఇప్పించగలరు. అది వీలుపడకపోతే డ్రోనును, రెక్కలను, ఎండిన మిరపకాయలను తమ వద్దనే ఉంచుకుని కార్డు ఒక్కటి ఇప్పించగలరు. అదీ వీలుపడకపోతే, తమరే స్వయంగా ఆ చిత్రం చూసి, "చూశాను, ఊరు బాగుంది, వంటగదికి వెలుతురు వస్తుంది" అని రాసి, ముద్ర వేసి ఇవ్వగలరు. యూనీస్ గారికి గెజిటెడ్ సంతకం మీద గౌరవం ఉంది.

అయ్యా, నియమాలు నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. ఈ వయసులో నాకింత సంతోషం రాసిపెట్టి ఉందని నేనెన్నడూ అనుకోలేదు. పొద్దున లేవగానే నవ్వొస్తోంది. ఉన్న నాలుగు వెంట్రుకలనే రెండుసార్లు దువ్వుకుంటున్నాను. మా సందులో పాలవాడు కూడా ఏంది సార్ సంగతి అని అడుగుతున్నాడు. ఇదంతా ఒక నిమ్మకాయ మూలంగా పోతుందేమోనని చచ్చేంత భయంగా ఉంది. పై ఐదు వాక్యాలు విషయానికి సంబంధించినవి కావని తోస్తే కొట్టివేయగలరు.

ఇందుమూలంగా విన్నవించినదంతా, రాంచందర్ తెచ్చే టీ చల్లారేలోగా, పెద్దమనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. జయపాల్

తా.క.: అర్జీ ముగించి కిటికీ దగ్గర వరుసలో నిలబడి ఉండగా, వరండాలోకి ఎండు నెత్తళ్ళ వాసన వచ్చింది. తిరిగి చూస్తే సంచీతో యూనీస్ గారు, వెనక మొగులయ్య. నాలుగు రోజులుగా నేను ఫోన్‌లో అదిగో ఇదిగో అంటుంటే నమ్మకం కుదరక, తనిఖీ స్వయంగానే చేద్దామని రాత్రి రైలెక్కి నాంపల్లిలో దిగారట. నా ఉత్తరాల్లో కొత్త వాటాకు రాసిన చిరునామా పట్టుకుని ఒక్కరే నడిచి ఆ భవనానికి వెళ్ళి, మోకాళ్ళ నొప్పితోనే మూడంతస్తులూ ఎక్కారట. ఇల్లు ఎలా ఉందని అడిగాను. ఆమె నా చేతిలోని అర్జీ తీసుకుని, బెంచీ మీద కూర్చుని చదివారు. సంచీలోంచి ఎర్ర పెన్ను తీశారు. కింద ఏదో రాసి, మడిచి, సౌభాగ్య గారి చేతికిమ్మన్నారు. ఏం రాశారో చూసే ధైర్యం నాకు లేదు. చూడకుండానే, ఈ తా.క.ను వేరే చీటీ మీద రాసి పైన గుచ్చి సమర్పిస్తున్నాను. తమరు చదివి, కిటికీలోంచి తల ఊపినా చాలు.

(ఎర్ర సిరాతో)

అయ్యా,

పై అర్జీ చదివాను. మూడో పేరా మరీ పొడుగు. నెత్తళ్ళు పడింది రెండిళ్ళ అవతల, నాలుగిళ్ళ అవతల కాదు. చివర కొట్టివేయమన్న ఐదు వాక్యాలనూ కొట్టివేయరాదు. పదికి తొమ్మిది.

ఇల్లు చూశాను. వంటగది కిటికీకి వదిలిన సందులోంచి సముద్రం కనబడదు. మార్కెట్ గడియారం కనబడుతుంది. ఇన్నేళ్ళు బడి గంటతో బతికినదాన్ని, సర్దుకుంటాను. నేల మీద ఈయన రాసిన సున్నం అక్షరాల్లో నా పేరు గోడ కిందికి పోయింది. మిగతావి ఇసుక కిందికి పోయాయి. "గారూ" ఒక్కటి మిగిలింది. దాని దగ్గర కాసేపు నిలబడ్డాను. ఆ మేస్త్రీతో చెప్పాను, దాని మీద రాయి పరిచేటప్పుడు చెరపకుండా పరవమని.

డ్రోనును విడుదల చేయగలరు. మా ఊరి పడవల దగ్గర దానికింకా పని ఉంది. నేను ఈ రాత్రి రైలుకే తిరిగి వెళుతున్నాను, ఆదివారం మా గుడిలో ఉండాలి.

నాకు అభ్యంతరం లేదు. ఆదివారం కూడా ఉండదు.

ఈ మాట ఆయనకు తమరే చెప్పండి, కొంచెం త్వరగా చెప్పండి. వరండాలో కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. మొగులయ్య నిమ్మకాయ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

యూనీస్